వజ్రం గుట్టు వెతికిన సూరి భగవంతం గారు



కిందటిసారి విహారయాత్రలో గోల్కొండ కోట పైదాకా ఎక్కాం, గుర్తుందా? పైనుంచి చూస్తే హైటెక్ సిటీ, గచ్చిబౌలి అద్దాల మేడలు కనిపించాయి. ఒకప్పుడు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు ఈ గోల్కొండకే అమ్మకానికి వచ్చేవట. దిగేటప్పుడు మనలో ఒకడు అడిగాడు. వజ్రమూ కార్బనే, పెన్సిల్ ములుకులోని గ్రాఫైటూ కార్బనే కదా! మరి ఒకటి గాజును కోస్తుంది, ఇంకోటి కాగితానికే అరిగిపోతుంది, ఎందుకని? అప్పుడు ఎవ్వరం చెప్పలేకపోయాం. ఆ జవాబు వెతుకుతుంటే ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం దొరికింది. అదే ఈసారి రాస్తున్నాను.

సూరి భగవంతం గారు 1909 అక్టోబరు 14న పుట్టారు. ఊరు అప్పటి కృష్ణా జిల్లాలోనిది. హైదరాబాద్ నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ గారు తన కొత్త ఫలితాన్ని కనిపెట్టారు. అదే ఏడాది, పంతొమ్మిదేళ్ళు నిండీ నిండని భగవంతం గారు రామన్ గారి దగ్గర పరిశోధనకు చేరారు. ఎక్కడి కృష్ణా జిల్లా, ఎక్కడి కలకత్తా!

రామన్ ఫలితం అంటే ఏంటి? ఒకే రంగు కాంతిని ఒక పదార్థం మీద పడేస్తే, చెదిరిన కాంతిలో చాలా భాగం అదే రంగులో ఉంటుంది. కొద్ది భాగం మాత్రం రంగు మారి వస్తుంది. కారణం, అణువులోని పరమాణువులు ఊరికే ఉండవు, ఊగుతుంటాయి. ఆ ఊపును బట్టి కాంతి మారుతుంది. వర్ణపటంలో కొత్త గీతలు పడతాయి. చీకట్లో మోత విని అది డోలో, డప్పో మనం చెప్పేస్తాం కదా, అలాగే ఆ గీతలు చూసి కంటికి కనపడని అణువు ఆకారం చెప్పొచ్చు.

వజ్రం మీద కాంతి పడేసి రామన్ గీతలు వెతికిన తొలివాళ్ళలో, 1930లో, భగవంతం గారు ఒకరు. వజ్రంలో 1332 అనే అంకె దగ్గర ఒకే ఒక పదునైన గీత ముఖ్యంగా కనిపిస్తుంది. వజ్రంలో ప్రతి కార్బన్ చుట్టూ నాలుగు కార్బన్లు ఒకే తీరున కట్టుకుని ఉంటాయి. ఏ దిక్కుకు ఊగినా ఒకేలా ఊగుతుంది. అందుకే ఒక్క గీత.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. తర్వాత ప్రొఫెసర్ అయ్యారు. అక్కడ గణితం తెలిసిన టి. వేంకటరాయుడు గారితో కలిసి పెద్ద పని చేశారు. అణువుకు ఎంత సౌష్ఠవం ఉంటే ఎన్ని గీతలు రావాలో ముందే లెక్కగట్టే పద్ధతి రాశారు. స్ఫటికాల గురించిన వ్యాసం 1939లో, సమూహ సిద్ధాంతం మీద పుస్తకం 1948లో వచ్చాయి. ఆ పుస్తకం వాల్తేరులోనే అచ్చయింది.

ఆ లెక్క ఎలా పనికొస్తుందో మన పాఠంలోని మీథేన్‌తో చూద్దాం. అందులో అయిదు పరమాణువులు. వాటికి తొమ్మిది రకాల ఊపులు. అణువు చతుర్ముఖీయంగా ఉంటే, కొన్ని ఊపులు ఒకదానితో ఒకటి కలిసిపోయి రామన్ వర్ణపటంలో నాలుగు ముఖ్య గీతలే రావాలి. అదే చతురస్రంలా చదునుగా ఉంటే మూడే రావాలి. వచ్చినవి నాలుగు! అంటే 109 డిగ్రీల 28 నిమిషాల కోణం ఎవరో ఊహించి రాసింది కాదు, కాంతి సాక్ష్యం చెప్పింది.

ఎందుకు అలా ఉంటుందో 1931లో అమెరికాలో లైనస్ పౌలింగ్ వివరించారు. కార్బన్‌లోని ఒక ఎస్, మూడు పీ ఆర్బిటాళ్ళు కలిసి నాలుగు సమానమైన కొత్త ఆర్బిటాళ్ళు అవుతాయి. అదే ఎస్‌పీ3 సంకరీకరణం. వజ్రంలో ఉన్నది ఇదే. అన్ని వైపులా గట్టి కట్టు, అందుకే అంత కాఠిన్యం. గ్రాఫైట్‌లో ఎస్‌పీ2. మూడు బంధాలు 120 డిగ్రీలలో చదునుగా ఉంటాయి. కార్బన్లు పొరలు పొరలుగా పేరుకుంటాయి. పొరల మధ్య పట్టు తక్కువ, కనక జారిపోయి కాగితానికి అంటుతాయి. కోటలో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ!

భగవంతం గారు తర్వాత మళ్ళీ హైదరాబాద్ వచ్చి 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. ఆపైన 1962 దాకా బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. 1989లో కన్నుమూశారు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో, అది ఆయన చూడలేదు. కానీ 1974లో మొదలై, ఇప్పుడు గచ్చిబౌలిలో ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చదివేవాళ్ళు ఈ సౌష్ఠవం లెక్కలు నేర్చుకోవాల్సిందే.

మిత్రులారా, సంకరీకరణం అనగానే మనం భయపడి బట్టీ పడతాం. పరీక్ష కాగానే మర్చిపోతాం. ఎస్‌పీ3 అంటే 109 అని అప్పజెప్తాం గానీ, అది ఎలా తెలిసిందని అడగం. భగవంతం గారు అడిగారు. ఆదివారం నాడు నాలుగు బుడగలు ఊది మూతులు ఒకచోట కట్టి చూడండి. వాటంతట అవే చతుర్ముఖీయంగా సర్దుకుంటాయి. మూడు కడితే చదునుగా, రెండు కడితే ఒకే గీతలో. చూశాక పాఠం మళ్ళీ చదవండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా సార్‌ని అడుగుదాం.

– పదో తరగతి విద్యార్థి