హోమీ జహంగీర్ భాభా

1909వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బొంబాయి నగరమున ఒక సంపన్న పార్సీ కుటుంబమునందు హోమీ జహంగీర్ భాభా జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడు ఇంజనీరై జంషెడ్‌పూరులోని టాటావారి ఉక్కు కర్మాగారమున చేరవలెనని ఆయన కోరిక. అందులకై 1927లో భాభాను కేంబ్రిడ్జికి పంపెను. కాని యువకుని మనస్సు భౌతికశాస్త్రముపై లగ్నమయ్యెను. ఇంజనీరింగు పరీక్షలో మొదటి తరగతి వచ్చినచో గణితము చదువవచ్చునని తండ్రి షరతు విధించెను. 1930లో భాభా దానిని నెరవేర్చి, తనకిష్టమైన మార్గము పట్టెను. తండ్రి మాట కాదనక, తన కోరిక విడువక సాధించిన ఈ తీరు మెచ్చదగినది.

అంతరిక్షమునుండి విద్యుదావేశముగల సూక్ష్మకణములు నిరంతరము భూమిపైకి వచ్చుచుండును. వీనిని విశ్వకిరణములందురు. అట్టి కణము గాలిలోని పరమాణువులను తాకగా, ఒకటి పెక్కులై, జల్లువలె కొత్త కణములు పుట్టును. ఈ జల్లు ఏర్పడు విధమును భాభా 1937లో హైట్లర్ అను శాస్త్రజ్ఞునితో కలిసి గణితమూలమున వివరించెను.

1939లో ఆయన సెలవులకు స్వదేశము వచ్చియుండగా ఐరోపాలో యుద్ధము ఆరంభమయ్యెను. తిరిగిపోవు వీలులేక, బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థలో చేరెను. అచట భౌతికశాస్త్రశాఖకు సి.వి. రామన్ అధిపతి. యుద్ధము ముగిసినపిమ్మట కేంబ్రిడ్జికి పోవుటకు అడ్డు తొలగినను భాభా పోలేదు. టాటా ధర్మనిధి సహాయముతో 1945లో టాటా ఫండమెంటల్ పరిశోధనసంస్థను నెలకొల్పెను. 1948లో అణుశక్తి సంఘమునకు అధ్యక్షుడయ్యెను.

కొత్త సంస్థకు ధనము స్వల్పము. కాని మన దేశమున్న చోటే ఒక పరికరమైనది. భూమి ఒక పెద్ద అయస్కాంతము. అది విశ్వకిరణముల దారిని మరల్చును. ధ్రువప్రాంతములందు బలహీనకణములు సైతము దిగివచ్చును. అయస్కాంత మధ్యరేఖకు చేరువనున్న హైదరాబాదు వంటి చోట, తూర్పారబట్టునపుడు పొట్టు ఎగిరిపోయి గింజ నిలిచినట్లు, మిక్కిలి శక్తిగల కణములు మాత్రమే చొచ్చుకొనివచ్చును. వానిని జల్లుగా మారకమునుపే పరీక్షింపవలెనన్నచో గాలిని దాటి పైకి పోవలెను. అందులకు భాభా శిష్యులు ప్లాస్టిక్కు బెలూనులను తామే తయారుచేసిరి. ముప్పది కిలోమీటర్ల యెత్తున, వాతావరణములో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు బెలూనునకు క్రిందనే యుండును. ఆయన జీవించియుండగనే హైదరాబాదునుండి బెలూనులు ఎగిరినవి.

ఆ దినములలో మనకు ఉపగ్రహములు లేవు. అమెరికావారి ఎక్స్‌ప్లోరర్-1 పంపిన సమాచారమువలన, భూమిచుట్టు విద్యుత్కణములు వలయములుగా చిక్కుకొనియున్నవని 1958లో తెలిసెను. 1963లో పంపిన ఇంప్-1 మరియొక వింతను తెలిపెను. సూర్యునినుండి వీచు కణప్రవాహము భూమి అయస్కాంతక్షేత్రమును రాత్రివైపున తోకచుక్క తోకవలె సాగదీయుచున్నది. ఆ తోక చంద్రుని కక్ష్యనుగూడ దాటిపోవును. అచటి కణములను బెలూను అందుకొనజాలదు. అయినను, ఇట్టి సూక్ష్మకణములను పట్టి లెక్కించు పరికరములను స్వయముగా నిర్మించు నేర్పు మనవారికి బెలూనుల పనిలోనే అలవడెను.

1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతములందలి మాంట్ బ్లాంక్ శిఖరమున విమానము కూలి భాభా మరణించెను. మూడేండ్లకు, 1969లో, హైదరాబాదులో స్థిరమైన బెలూను కేంద్రము వెలసెను. పని ముగిసినపిమ్మట పరికరములు పారాచూటుతో ఏ పొలములోనో దిగును. కావున ప్రజ్ఞాపూరు మున్నగు గ్రామములుగల సిద్దిపేట జిల్లావారికిని, తక్కిన జిల్లాలవారికిని, అట్టివి కనబడినచో తాకక పోలీసువారికి తెలుపవలసినదిగా సంస్థవారు ముందుగా ప్రకటించుచుందురు.