సోసెకి మాస్టారి అలసట

మా కోడలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. పరాయి భాషలో తనకే పట్టు లేనప్పుడు పిల్లలకేం చెప్పగలనని సాయంత్రాలు డీలాపడి కూర్చుంటుంది. ఆమెకు చెప్పిన జీవితకథనే సభ్య మిత్రులకూ మనవి చేస్తున్నాను. మనలో చాలామంది ఇళ్లలో ఉపాధ్యాయులున్నారు కదా!

జపాను మహారచయిత నత్సుమె సోసెకి 1867లో నేటి టోక్యోలో జన్మించారు. పసితనంలోనే పెంపకానికి వెళ్లి, తొమ్మిదేళ్ల ప్రాయంలో కన్నవారింటికి తిరిగి వచ్చారు. 1893లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం నుండి ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్నారు. పట్టా వచ్చింది గాని, ఆ సాహిత్యం తనకు అర్థమైందన్న ధైర్యం రాలేదు. మత్సుయామాలోను, కుమమొతోలోను ఇంగ్లీషు బోధించినా ఆ వెలితి తీరలేదు.

1900లో ప్రభుత్వం ఏడాదికి 1,800 యెన్ల భత్యంతో ఆయనను లండన్ పంపింది. అది చాలేది కాదు. ఉన్నదాంట్లోనే పుస్తకాలు కొని, అద్దెగదిలో తలుపులు మూసుకుని చదివేవారు. ఆయనకు మతి చలించిందన్న మాట స్వదేశం దాకా పాకింది. అయితే ఆ గదిలోనే ఆయనకొక సంగతి బోధపడింది. అంతవరకు తెల్లవారి అభిప్రాయాలనే అరువు తెచ్చుకున్నారు. ఇక దేనినైనా తన బుద్ధితోనే తూచాలని నిశ్చయించుకున్నారు.

1903లో తిరిగివచ్చి విశ్వవిద్యాలయంలో 800, ఫస్ట్ హైస్కూలులో 700 యెన్ల వార్షిక జీతానికి కుదిరారు. విశ్వవిద్యాలయంలో లఫ్కాడియో హెర్న్ స్థానం ఆయనది. హెర్న్‌ను అభిమానించిన విద్యార్థులకు కొత్త మాస్టారి పాఠం మొదట రుచించలేదు. రెండు కొలువులు, సంసార భారం, నరాల బలహీనత కలిసి ఆయనను కుంగదీశాయి. క్రమంగా షేక్‌స్పియర్ పాఠాలకు గది నిండసాగింది. మిత్రుని ప్రోద్బలంతో, పిల్లి చెబుతున్నట్లుగా రాసిన కథ 1905లో వెలువడి పేరు తెచ్చింది. 1906 నాటి 'బొచ్చన్' నవలలో ఒక కొత్త మాస్టారి పాట్లనే నవ్వు పుట్టించేలా చిత్రించారు.

విదేశీ చదువుకు బదులుగా నాలుగేళ్లు బోధించాలన్న షరతు తీరగానే, 1907లో విశ్వవిద్యాలయం వదిలి అసాహి పత్రికలో చేరారు. జీతం నెలకు 200 యెన్లు. చేరేముందు పెన్షను సంగతి కూడా విచారించారట! గుమాస్తాగా బతికిన నాకు ఆ ముందుచూపు ఎంతో నచ్చింది.

1914లో విద్యార్థుల సభలో లండన్ నాటి తన మథనాన్ని దాచుకోకుండా వివరించారు. 1916 డిసెంబరు 9న, 49వ ఏట, కడుపులో పుండుతో కన్నుమూశారు. 1984లో వెయ్యి యెన్ల నోటుపై ఆయన బొమ్మ అచ్చయింది.

ఉద్యోగం మానమని కోడలికి నేను చెప్పలేదు. అంతటివాడికీ ఆ బెదురు తప్పలేదనీ, అది చేతకానితనం కాదనీ మాత్రం చెప్పాను. అలసి ఇల్లు చేరిన ఉపాధ్యాయులకు మనం ఇవ్వగలిగింది ఆ పాటి మాటే.