ఆగిన గుండెకు లయ చూపిన మెక్‌విలియం

శస్త్రచికిత్స యెంత చిన్నదైనను, రోగిని లోనికి గొనిపోవునప్పుడు మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతములలో బంధువు లడుగు ప్రశ్న యొక్కటియే: గుండె తట్టుకొనునా యని. ఆ ప్రశ్న వట్టి పిఱికితనమువలన బుట్టినది కాదు. వీరఘట్టమున జన్మించి ఱొమ్ముపై నేనుగు నెక్కించుకొనిన మల్లుడు కోడి రామమూర్తినాయుడుగారు సైతము తమ కాలికి శస్త్రచికిత్స జరుగునపుడు మత్తుమందు నొల్లరైరని మన పల్లెలలో నేటికిని చెప్పుకొందురు. ఆ కథయందు సత్యమెంత యున్నను, మత్తుమందును గూర్చి జనులకు గల భయము మాత్రము నిరాధారము కాదు. మత్తు నిచ్చిన చేయియే యొక్కొకప్పుడు ప్రాణమును గొనిపోయిన దినములు నిజముగ నుండెను. ఆ మరణములకు గారణమును వెదకి, నిలిచిపోయిన గుండెను విద్యుచ్ఛక్తిచే మరల గొట్టించు నుపాయమును 1889లోనే లోకమునకు జెప్పినవాడు జాన్ అలెగ్జాండర్ మెక్‌విలియం.  ఆయన చరిత్రము మన పాఠకులకును దెలియవలెనని మేము తలంచుచున్నాము. ఏలయన నాయన వాదమునకు ప్రతివాదము లేచినది మన తెలుగుగడ్డపైననే, హైదరాబాదు నగరమున.

మెక్‌విలియం 1857వ సంవత్సరము జూలై నెలలో స్కాట్లండు ఉత్తరభాగమునందలి కిల్టార్లిటీ యను గ్రామమున జన్మించెను. అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించి 1880లో పట్టము నందెను. పిమ్మట జర్మనీలోని లీప్జిగ్ నగరమునకు బోయి, శరీరధర్మశాస్త్రమున నప్పటి కగ్రగణ్యుడగు కార్ల్ లుడ్విగ్ ఆచార్యుని కడ పరిశోధనమార్గము నేర్చెను. లండనులోని యూనివర్సిటీ కళాశాలలో కొంతకాలము పనిచేసి, 1886లో, ముప్పదియేండ్లు నిండకమునుపే, అబర్డీనులో శరీరధర్మశాస్త్రమునకు ప్రధానాచార్యుడయ్యెను. దేశమున కుత్తరపుటంచున నున్న యా రేవుపట్టణముననే నలువదియేండ్లకు పైగా బోధించుచు, పరిశోధించుచు గడపెను. రాజధానులకు దూరముగ నున్నచోట గొప్పపని జరుగదని నిట్టూర్చువారికి ఆయన జీవితమే సమాధానము.

గుండె పనిచేయు తీరును కొంచెము గ్రహింపనిదే యాయన కృషి బోధపడదు. త్రోవ నెఱిగిన యెద్దు, బండి తోలువాడు నిద్రించుచున్నను నడచుచునే యుండును. గుండెయు నట్టిదే. కొట్టుకొనుమని దానికి మఱియొకరు చెప్పనక్కఱలేదు. తన కదలికకు వలయు విద్యుత్ప్రేరణమును తానే పుట్టించుకొనును. కాని పగ్గము మెదడు చేతనున్నది. మెదడు మొదటినుండి బయలుదేరి, మెడగుండ దిగి, గుండెకును ఊపిరితిత్తులకును ప్రేవులకును బ్రాకు వేగస్ నరము గుండెవేగమును దగ్గించును. మఱికొన్ని నరములు హెచ్చించును. వేగస్ నరమునకు విద్యుత్తు సోకించినచో గుండె మందగించి నిలిచిపోవునని వెబరు సోదరులు 1845లోనే చూపియుండిరి. శస్త్రచికిత్సలో కన్నునో ప్రేవునో లాగినప్పుడు, గొంతులోనికి గొట్టము దింపినప్పుడు, ఈ పగ్గము తనంతట బిగిసికొనుటయు గలదు. మత్తులోనున్న రోగి గుండె యకస్మాత్తుగ మందగించుటకు ఇదియొక కారణము.

ఎడిన్‌బరోలో సింప్సన్ వైద్యుడు క్లోరోఫారమును 1847 నవంబరులో వాడుకలోనికి దెచ్చెను. మూడుమాసములు నిండకమునుపే, 1848 జనవరిలో, ఇంగ్లండున పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు వచ్చి, క్లోరోఫారము పీల్చిన కొద్ది నిమిషములలో మరణించెను. అటుపై నట్టి మరణములు పెక్కుచోట్ల జరిగెను. ఆరోగ్యవంతులు, వయసువారు, స్వల్పచికిత్సకు వచ్చినవారు పోవుచుండుటయే వైద్యులను కలవరపెట్టెను. ముందు నిలిచినది శ్వాసయా, గుండెయా యని వైద్యలోకము రెండుగ జీలెను. శ్వాసయే యైనచో మత్తునిచ్చువాడు ఊపిరిని మాత్రము కనిపెట్టియున్న జాలును. గుండెయైనచో నాడి చూడవలెను, మందు మోతాదు మార్చవలెను, ఆగిన గుండెకు వేఱుపాయము వెదకవలెను. ఇది వట్టి శాస్త్రచర్చ కాదు. బల్లపై పరుండిన ప్రతిరోగి ప్రాణమును దీనిపై నాధారపడియుండెను.

మెక్‌విలియం ఈ ప్రశ్నను గుండెనే యడిగెను. చేపల గుండెలతో మొదలిడి పిల్లులు, కుక్కలు మొదలగు వాని గుండెలవఱకు పరీక్షించి, గుండె నిలుచుట రెండు విధములని 1887 నుండి వరుసగ బ్రకటించెను. ఒకటి, కండ యే కదలికయు లేక యూరకుండుట. రెండవది, కండ పోగులన్నియు దేనికది వణకుచు, రక్తమును ముందునకు ద్రోయలేకుండుట. మనుష్యు లాకస్మికముగ మరణించుట పెక్కుసారులు ఈ వణకువలననే యని యాయన 1889లో జెప్పెను. అప్పటికి మనుష్యుని గుండెలోని విద్యుత్తును వ్రాసి చూపు యంత్రమైనను వాడుకలోనికి రాలేదు. ఊరకున్న గుండె వేఱు, వణకు గుండె వేఱు, రెంటికి చికిత్స లొక్కటి కావను వివేకము నేటికిని హృదయవైద్యమున కాధారము.

ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో బ్రిటిషు వైద్యపత్రికలో నాయన వ్రాసిన చిన్న వ్యాసము మన ప్రస్తుత విషయమునకు మూలము. ఆయన చేసిన పరీక్ష యిట్టిది. పిల్లికి మత్తునిచ్చి, మెడలోని వేగస్ నరమునకు విద్యుత్తు సోకించి గుండెను నిలిపెను. అట్లు నిలిచియున్నప్పుడే గుండెకు నేరుగ విద్యుత్తాడనము లొకదాని వెనుక నొకటి, లయతప్పక, ఇచ్చెను. ప్రతి తాడనమునకు గుండె యొకసారి ముడుచుకొని రక్తమును ద్రోసెను. రక్తపుపోటు పైకి లేచెను. పగ్గము బిగించియే యున్నది, ఎద్దు నడచుచునే యున్నది. నరముచే నిలిచిన గుండె చచ్చిన గుండె కాదని, బయటినుండి లయ నిచ్చినచో నది పనిచేయగలదని దీనివలన తేలెను.

మనుష్యునకు దీని నెట్లు వాడవలెనో కూడ నాయన విడువక వివరించెను. ఉప్పునీట దడిపిన పెద్ద స్పంజి పలకలు రెండు తీసికొని, ఒకటి ఱొమ్ముపై గుండె కొనకు ఎదుటను, రెండవది వీపుపై భుజముల నడుమ వెన్నుపూసపైనను ఉంచవలెను. నిమిషమునకు అఱువది డెబ్బది తాడనముల చొప్పున పంపవలెను. ఎడతెగక ప్రవహించు బలమైన విద్యుత్తు గుండెను వణకులోనికి నెట్టును గావున నది కూడదని హెచ్చరించెను. మందుగానున్నదియే మోతాదు తప్పినచో విషమగునని యాయన మఱువలేదు.

ఇక హైదరాబాదు మాట. అక్కడ రెసిడెన్సీ సర్జనుగ నున్న ఎడ్వర్డు లారీ ఎడిన్‌బరోలో జదివినవాడు. క్లోరోఫారమువలన గుండె నేరుగ చెడదని, శ్వాసనొక్కదానిని కనిపెట్టి యున్న జాలునని యాయన గురువుల బోధ. అఫ్జల్‌గంజి ఆసుపత్రిలో వేలకొలది రోగులకు మత్తు నిచ్చిన యనుభవము దానికి తోడయ్యెను. 1888లో నిజాము ప్రభుత్వ మీ విషయమును విచారించుటకు ఒక సంఘమును నియమించెను. దాని తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అంతట నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక యెంచిన పండితునే రప్పింప నేర్పాటు గావించెను. 1889 చివర లాడర్ బ్రంటన్ వచ్చి, రెండవ సంఘమున జేరి, నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు చేసెను. హైదరాబాదు వైద్యపాఠశాలలో జదివి, తరువాత మత్తునిచ్చు వైద్యమున పేరొందిన పారసీ వనిత రూపాబాయి ఫర్దూన్జీ విద్య నేర్చినది యీ వాతావరణముననే.

సంఘమువారు వేగస్ నరమునకు విద్యుత్తు సోకించియు జూచిరి. గుండె మందగించెను, నిలిచెను, మరల గొట్టుకొనెను. దీనిని జూచి వారు, నరము గుండెను మందగింపజేయుట యపాయము కాదని, మత్తు శరీరమున త్వరగ వ్యాపింపకుండ నది యొక రక్షణమని నిర్ణయించిరి. శ్వాసయే ముందు నిలుచునని తీర్పు చెప్పిరి. గుండెయే ముందని యంతవఱకు నమ్మిన బ్రంటన్ సైతము మనసు మార్చుకొనెను.

మెక్‌విలియం దీనికి లోబడలేదు. 1890లో తన పరీక్షలను బ్రకటించి, క్లోరోఫారము గుండె కండనే సడలించి, దానిని ఉబ్బజేసి, బలహీనపఱచునని చూపెను. ఒకవైపున రాజధనము, నాలుగువందల జంతువులు, లండనులో పేరుగల పత్రిక. మఱియొకవైపున అబర్డీనులో నొక చిన్న పరిశోధనశాల. వాదము రెండు దశాబ్దములు తెగలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ యను వైద్యుడు, తేలికగ క్లోరోఫారమిచ్చిన పిల్లులలో అడ్రినలిన్ గుండెను వణకించి చంపునని ఋజువు చేసిన పిదప గాని, ఏ వణకును మెక్‌విలియం చెప్పుచుండెనో యదియే ఆ ఆకస్మిక మరణములకు గారణమని వైద్యులు గ్రహింపలేదు.

ఈ చోట మేము లారీకి అన్యాయము చేయగోరము. ఊపిరిని కనిపెట్టుమని యాయన చెప్పినమాట మంచిమాట. దానిచే పెక్కుప్రాణములు నిలిచెను. దోషము వేఱొకచోట నున్నది. తాను జూచిన దానితో నిలువక, తాను జూడనిది లేదని శాసించుట దోషము. ఆ దినములలో వలసప్రభుత్వపు టుద్యోగి నోటిమాటకు మన దేశమున నెదురుండెడిది కాదు. ఆ బల్లపై పరుండిన తెలంగాణపు పేదలు ఏ సిద్ధాంతమునకు తమ ప్రాణముల నప్పగించుచున్నారో యెఱుగరు. పదవి సత్యమును నిర్ణయింపజాలదను పాఠము విజ్ఞానశాస్త్రమునకే గాదు, రాజ్యపాలనమునకును వర్తించును.

మెక్‌విలియము విద్యుల్లయ సూచనను మాత్ర మెవ్వరును చేపట్టలేదు. ఆయన నిద్రలో గుండెవేగమును, రక్తపుపోటును గూర్చి పరిశోధించుచు కాలము గడపెను. 1916లో రాయల్ సొసైటీ యాయనను సభ్యునిగ నెన్నుకొనెను. 1927లో పదవి విరమించెను. ఆ మఱుసటి సంవత్సరముననే ఆస్ట్రేలియాలో లిడ్విల్ వైద్యుడు గుండెను గొట్టించు విద్యుద్యంత్రమును వాడెనని చరిత్రకారులు చెప్పుదురు. 1932లో న్యూయార్కున ఆల్బర్ట్ హైమన్ అట్టి యంత్రమునకు పేస్‌మేకర్ అను పేరిడెను. 1937 జనవరిలో మెక్‌విలియం ఎడిన్‌బరోలో మరణించెను. ఆయన పోయిన పదునైదేండ్లకు, 1952లో, బోస్టను నగరమున పాల్ జోల్ ఱొమ్ముపైనుండియే విద్యుత్తాడనము లిచ్చి మనుష్యుల గుండెలను నడిపించెను. 1958లో స్టాక్‌హోమున పేస్‌మేకరును శరీరములోననే యమర్చిరి. నేడు ఆసుపత్రులలో నత్యవసరముగ లయ నిచ్చునపుడు ఒక పలకను ఱొమ్మునను, ఒకదానిని వీపునను అంటింతురు. స్పంజి పోయి జిగురుపలక వచ్చెను. చోటు మాత్రము ముప్పాతికమువంతు 1889 నాటిదే.

పిల్లిపై నాయన చేసిన పరీక్షయు నేడు మనుష్యుని చికిత్సలోనికి వచ్చినది. వేగస్ నరము మితిమీరి గుండెను నిలుపుటచే మాటిమాటికి మూర్ఛపోవువారు కొందఱు గలరు. అట్టివారికి గుండెగోడలోని నరపుముడులను కాల్చి పగ్గమును సడలించు పద్ధతిని 2005లో బ్రెజిలు దేశపు వైద్యులు ప్రకటించిరి. పని పూర్తియైనదో లేదో తెలియుటెట్లు? మెడలోని సిరగుండ సన్నని తీగ నెక్కించి, వేగస్ నరముచెంత విద్యుత్తు సోకింతురు. మొదట గుండె కొన్ని క్షణములు నిలుచును. చికిత్స ఫలించిన పిదప నిలువదు. అయితే పైగది నిలిచిపోయినప్పుడు, పైనుండి క్రిందిగదికి పోవు మార్గముకూడ మూసికొనెనో లేదో చెప్పవీలులేదు. కావున రెండవతీగచే పైగదికి లయ నిచ్చుచు, అదేసమయమున నరమునకును విద్యుత్తు సోకించి, లయ క్రిందికి దిగుచున్నదా యని చూతురు. గుండె మఱీ యాలస్యము చేసినచో ఆ తీగయే కాపుగ నుండును. ఒకచేత పగ్గము బిగించి, రెండవచేత నడిపించు నీ యుపాయమునకు బీజము అబర్డీనులోనే పడినది.

ఇంతయు మన ప్రాంతమునకు దూరపుమాట కాదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెన్నిగృహములను కూల్చుచున్నదో పాఠకులెఱుగుదురు. ఆ రోగుల రక్తమున పొటాసియము పెరిగినచో గుండె మందగించి నిలువవచ్చును. పొటాసియమును దగ్గించు చికిత్సయే ముఖ్యమైనను, అది ఫలించువఱకు కొందఱికి బయటి లయ యాధారమగును. మన పెరళ్లలో పూయు పచ్చగన్నేరు గింజను పసివాడు తెలియక మ్రింగినను గుండె అట్లే మందగించును. అప్పుడు అట్రోపిన్ మందుచే నరపుబిగువును సడలించి, అది చాలనిచో విద్యుల్లయచే గుండెను నిలుపుదురు. ఇట్టి రోగికి ఆలస్యమైనచో ప్రాణాపాయము కలుగవచ్చును. కొండదిగువ పల్లెనుండి విశాఖపట్టణము చేరుట గంటలో నగుపని కాదు.

శ్రీకాకుళమున వైద్యకళాశాల యున్నది. 2023లో విజయనగరమునను ప్రభుత్వ వైద్యకళాశాల తెఱవబడెను; ఆ యేడే పలాసలో మూత్రపిండరోగులకై 200 పడకల ఆసుపత్రి వెలసెను. భవనములు లేచినందులకు సంతోషింతము. కాని ఱొమ్ముపై పలక లంటించి లయ నిచ్చు యంత్రము ప్రతి ప్రాంతీయాసుపత్రిలో నుండవలెను. నడిరాత్రియైనను దానిని వాడనేర్చినవా రొకరు మేల్కొని యుండవలెను. మెక్‌విలియం తన యుపాయమును వ్రాసిన అఱువదియేండ్లకు పైగా లోకము దానిని పెట్టెలోనుంచెను. ఆ యాలస్యమునకు బాధ్యులు మనము కాము. యంత్రము సిద్ధముగ నుండగా అది మన పల్లెటూరి రోగిని చేరకపోవుట మాత్రము మన బాధ్యతయే. ప్రజాప్రతినిధులు దీనిని తమ పనిగ గైకొందురని, ప్రజలు వారిని గైకొనునట్లు చేయుదురని మేము కోరుచున్నాము.