క్రీడాచార్యుడు నెయిస్మిత్

కెనడా దేశంలోని ఆంటారియో రాష్ట్రంలో ఆల్మాంట్ అనే చిన్న పట్టణం ఉంది. దాని సమీపంలోని రామ్సే సీమలో 1861 నవంబరు 6న జేమ్స్ నెయిస్మిత్ జన్మించాడు. 1870లో టైఫాయిడ్ జ్వరం ఆ ఇంటిని కబళించింది. కొద్ది వారాల వ్యవధిలోనే తల్లిదండ్రులిద్దరూ కన్నుమూశారు. తొమ్మిదేళ్ల ప్రాయంలో అనాథ అయిన జేమ్స్‌ను, అతని తోబుట్టువులను మేనమామ పీటర్ యంగ్ చేరదీశాడు.

బాలుడు చదువుకన్నా ఆటలలోనే ముందుండేవాడు. పెద్ద బండమీద చిన్నరాయిని నిలిపి, దూరం నుండి మరో రాయితో దానిని పడగొట్టడం ఆ పల్లెపిల్లలకు ఇష్టమైన ఆట. బలంగా విసిరితే గురి తప్పిన రాయి చాలా దూరం పోయేది. దానిని తెచ్చుకొనేలోగా ఆటగాడు పట్టుబడేవాడు. మెల్లగా పైకెగరేసి వేసినవాడికే మేలు జరిగేది. ఈ చిన్న సంగతిని జేమ్స్ మరువలేదు.

పదిహేనేళ్లు దాటగానే బడి మానివేసి, అడవులలో కలప నరికే శిబిరాలలో కొన్నేళ్లు పనిచేశాడు. అనంతరం, ఇరవై ఏళ్ల వయస్సులో, తనకన్నా చిన్నవారి నడుమ మళ్లీ బడిలో కూర్చున్నాడు. ఆ వయస్సులో అది సామాన్యమైన తెగువ కాదు. 1883లో మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో చేరి పట్టభద్రుడై, ఆపై మతధర్మశాస్త్రం చదివాడు. అతడు మతగురువు కావాలన్నది ఇంటివారి కోరిక.

అయితే ఒకనాడు మైదానంలో చిన్న సంఘటన జరిగింది. తోటి ఆటగాడొకడు కోపంతో నోరుజారి, పక్కనే నెయిస్మిత్ ఉండటం చూసి సిగ్గుపడి క్షమించమన్నాడు. నెయిస్మిత్ అతనిని ఏనాడూ మందలించి ఎరుగడు. యువకులను తీర్చిదిద్దడానికి ప్రార్థనావేదిక ఒక్కటే మార్గం కాదని, క్రీడాస్థలం కూడా అందుకు తగినదేనని అప్పుడాయనకు తోచింది. 1890లో స్వస్థలాన్ని, స్వదేశాన్ని విడిచి, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరంలో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు బయలుదేరాడు. మతగురువు పీఠాన్ని కాదని వ్యాయామశాలకు వెళ్లిన తమ్ముణ్ణి అక్క ఆనీ చివరివరకు క్షమించలేదని చెబుతారు.

మరుసటి సంవత్సరం ఆయన అక్కడే అధ్యాపకుడయ్యాడు. శీతకాలంలో బయట మంచు. లోపల కసరత్తులంటే విసుగెత్తిన పద్దెనిమిది మంది విద్యార్థులు. అప్పటికే ఇద్దరు ఉపాధ్యాయులు వారితో వేగలేకపోయారు. పద్నాలుగు రోజులలో కొత్త ఆటను రూపొందించమని శాఖాధిపతి లూథర్ గులిక్ ఆదేశించాడు. పాత ఆటలను మార్చి చూసినా ఫలితం లేకపోయింది. బంతితో పరుగెత్తడాన్ని నిషేధిస్తే ఒకరినొకరు పడదోసుకోవలసిన అవసరం ఉండదని నెయిస్మిత్ గ్రహించాడు. గమ్యాన్ని నేలమీద గాక తలకన్నా ఎత్తున ఉంచితే బంతిని బలంగా గాక నేర్పుగా వేయవలసి వస్తుంది. ఆల్మాంట్ బండరాయి ఆట ఇక్కడ అక్కరకు వచ్చింది. పది అడుగుల ఎత్తున వసారా అంచుకు రెండు పీచ్‌పండ్ల బుట్టలు కట్టించి, పదమూడు నియమాలు వ్రాసి, 1891 డిసెంబరులో తొలి ఆట ఆడించాడు. ఆ ఆటే బాస్కెట్‌బాల్. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పాడు.

1895లో నెయిస్మిత్ డెన్వర్ వెళ్లి, అక్కడ ఉద్యోగం చేస్తూనే వైద్యవిద్య పూర్తిచేశాడు. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆయనను ఆహ్వానించింది. ప్రార్థనామందిరం, వ్యాయామ విద్య రెండింటి బాధ్యతా ఆయనదే. అక్కను నొప్పించి వదులుకున్నది ఈ విధంగా కొంత తిరిగి దక్కింది! అక్కడి బాస్కెట్‌బాల్ జట్టుకు తొలి శిక్షకుడూ ఆయనే. 1907 వరకు ఆయన శిక్షణలో జట్టు 55 ఆటలు గెలిచి, 60 ఓడింది. ఆటను సృష్టించినవాడికి గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. దానికాయన చింతించలేదు, ఈ ఆటకు శిక్షకుని అవసరమే లేదని ఆయన అభిప్రాయం. ఆ మాటను లెక్కచేయని శిష్యుడు ఫాగ్ ఆలెన్ శిక్షకుడిగా అఖండ కీర్తి గడించాడు.

1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి యువకుడు వ్యాయామ విద్య చదవడానికి అక్కడికి వచ్చాడు. వర్ణభేదం కారణంగా విశ్వవిద్యాలయ జట్టులో అతనికి చోటు లేదు. వృద్ధుడైన నెయిస్మిత్ అతనిని శిష్యునిగా స్వీకరించి అండగా నిలిచాడు. ఆ శిష్యుడే 1957 నుండి 1959 వరకు టెనెసీ స్టేట్ కళాశాల జట్టును వరుసగా మూడుసార్లు ఎన్.ఎ.ఐ.ఎ. జాతీయ విజేతగా నిలిపాడు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ పోటీలు మొదటిసారి జరిగాయి. శిక్షకులు చందాలు వేసుకొని నెయిస్మిత్‌ను అక్కడికి పంపారు. తన ఆటపై ఆయన ఎన్నడూ ధనం ఆశించలేదు. 1939 నవంబరు 28న కాన్సాస్‌లోని లారెన్స్ పట్టణంలో మరణించాడు. పదమూడు నియమాలున్న ఆ రెండు కాగితాలు 2010లో జరిగిన వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, తిరిగి కాన్సాస్ విశ్వవిద్యాలయానికే చేరాయి.