పైరుల యాహారమును తూచిన పండితుడు

నత్రజని లేనిదే పైరునకు ఆకు లేదు, గింజ లేదు. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజనియే యున్నది. అట్లయ్యును పొలము లేల నిస్సారమగుచున్నవి? ఈ ప్రశ్నకై యేండ్లతరబడి శ్రమించిన మహనీయుడు బూసెంగో.

ఇతడు పారిసు నగరమున జన్మించెను. గనుల పాఠశాలలో చదివి, 1822లో దక్షిణ అమెరికాకు పోయి, పదియేండ్లు అచ్చటి గనులను, అగ్నిపర్వతములను పరిశీలించెను. 1831లో చింబొరాజో పర్వతముపై సుమారు 6,000 మీటర్ల యెత్తువరకు ఎక్కెను. శిఖరము మాత్రము అందలేదు.

స్వదేశమునకు మరలి వివాహమాడి, ఆల్సేసు సీమలో బెషెల్‌బ్రన్ అనుచోట భార్యవైపువారి పొలమునే ప్రయోగశాలగా జేసికొనెను. వేసిన యెరువును, కోసిన పంటను తూచి, రెంటను గల నత్రజనిని లెక్కించెను. 1838 నాటికి, ఎరువులేని యిసుకలో పెంచిన క్లోవరు, బటానీ మొక్కలలో నత్రజని హెచ్చెనని కనుగొనెను, గోధుమలో హెచ్చలేదు.

ఆ నత్రజని యెచ్చటనుండి వచ్చెనో నిశ్చయింపజాలక, 1851 మొదలుకొని మంటిని ఎర్రగా కాల్చి, మొక్కలను గాజుపాత్రలలో మూసి మరల పరీక్షించెను. ఈసారి ఏ మొక్కయు గాలి నత్రజనిని గ్రహింపలేదు. తరువాత సురేకారము కలిపిన మంటిలో పొద్దుతిరుగుడు మొక్క బలిష్ఠముగా పెరిగెను. కావున మొక్కలకు గాలి నత్రజని పనికిరాదనియు, నేలలోని నత్రితముల వంటివే ఆహారమనియు నిర్ణయించెను.

మరి మొదటి తూనిక తప్పా? కాదు. కాల్చుటచే మంటిలోని సూక్ష్మజీవులు నశించెను. చిక్కుడుజాతి మొక్కల వేళ్ల బుడిపెలలో వసించు సూక్ష్మజీవులే గాలి నత్రజనిని ఆహారముగా మార్చునని జర్మను పండితుడు హెల్రీగెల్ 1886లో వెల్లడించెను. మరుసటి యేటనే బూసెంగో మరణించెను. మన రైతులు వరికి ముందు జనుము, జీలుగ చల్లి దున్నుటలోని రహస్యమును ఇదియే.

ఉన్నత పర్వతములపై చలిచే సూక్ష్మజీవుల పని మందగించును; నత్రితములు కొరవడును. రాకీ పర్వతములపై నొక తుంగజాతి మొక్క ఎమినో ఆమ్లములనే వేళ్లతో నేరుగా గ్రహించునని 1996లో ప్రకటింపబడినది. చింబొరాజో నెక్కిన యా పండితుడు ఇది విన్నచో మరల త్రాసు చేతబట్టెడివాడే.

తూనిక సరియైనను వివరణము చాలకపోవచ్చును. మనము అక్కరలేదని కాల్చివేసినదానియందే జవాబు దాగియుండవచ్చునని విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.