ప్రసూతి వేతనం లెక్క – కార్మిక నాయకుడు శ్రీ వి.వి. గిరి జీవితం

ప్రత్యేక వ్యాసం

బాచుపల్లిలోని ఔషధ కర్మాగారాల్లోను, ఇక్కడి నుండి హైటెక్ సిటీకి ప్రతిదినం వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినుల్లోను ప్రసూతి సెలవు కోరే ప్రతి మహిళకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: సెలవు కాలానికి యాజమాన్యం చెల్లించవలసిన మొత్తాన్ని ఏ ప్రాతిపదికపై లెక్కిస్తారు? ఈ లెక్క నేటి రూపానికి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ కాలంలో అర్ధ శతాబ్దికి పైగా కార్మికోద్యమంలోను, ప్రభుత్వంలోను పనిచేసిన తెలుగు ప్రముఖుడు భారత మాజీ రాష్ట్రపతి, భారతరత్న శ్రీ వరాహగిరి వెంకటగిరి.

శ్రీ గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బరంపురంలో జన్మించారు. తండ్రి శ్రీ జోగయ్య పంతులు న్యాయవాది. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లిన శ్రీ గిరి ఐరిష్ స్వాతంత్య్రోద్యమంతో ఏర్పడిన సంబంధాల కారణంగా 1916లో ఆ దేశాన్ని విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో కొంతకాలం న్యాయవాద వృత్తి నిర్వహించి, సహాయ నిరాకరణోద్యమ కాలంలో దానిని వదలివేశారు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచి, ఖరగ్‌పూర్ కార్మికుల పోరాటానికి నాయకత్వం వహించారు. 1926లో ఆల్ ఇండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యారు. అంతకు ఎనిమిదేళ్ల పూర్వమే, 1919లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి మహాసభ ప్రసూతి రక్షణపై ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని అంగీకరించలేదు. శ్రీ ఎన్.ఎం. జోషి 1924లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన ప్రసూతి బిల్లు కూడా వీగిపోయింది. చివరకు 1929లో బొంబాయి ప్రభుత్వం తొలి చట్టం చేసి, రోజుకు ఎనిమిది అణాల చొప్పున భృతి నిర్ణయించింది. నేత యంత్రం నడిపే స్త్రీకైనా, ఊడ్చే స్త్రీకైనా అదే ఎనిమిది అణాలు; వేతనంతో దానికి సంబంధం లేదు. మద్రాసు రాష్ట్రం 1934లో సొంత చట్టం చేసుకున్నది. 1937లో శ్రీ రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టిన శ్రీ గిరి కాలంలో ఆ చట్టం అమలులో ఉంది. అంతకుముందు జరిగిన ఎన్నికలలో ఆయన బొబ్బిలి రాజావారిని ఓడించడం ఆంధ్ర దేశంలో సంచలనం కలిగించింది.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, శ్రీ నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. ఆ ఏడాది జూన్‌లోనే జెనీవా మహాసభ ప్రసూతి ఒడంబడికను సవరించింది. భృతిని పూర్వ వేతనంతో ముడిపెట్టిన చోట అది వేతనంలో మూడింట రెండు వంతులకు తగ్గరాదని, ఆ వ్యయాన్ని ఏ ఒక్క యజమానిపైనా వ్యక్తిగతంగా మోపరాదని నిర్దేశించింది. ఈ రెండవ నియమమే అసలు చిక్కు. మొత్తం భారం యజమానిదే అయితే అతడు స్త్రీలకు పని ఇవ్వడానికే వెనుకాడవచ్చు. బీమా నిధి చెల్లిస్తే ఆ భయం ఉండదు. ఆ మార్గంలో రూపొందిన కార్మిక రాజ్య బీమా పథకం 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో ప్రారంభమైంది. కొద్ది నెలలకే శ్రీ గిరి ఆ శాఖ బాధ్యతలు స్వీకరించారు. అయితే బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చడాన్ని అంగీకరించక 1954లో రాజీనామా చేశారు. పదవి కంటే వేతన తీర్పుకు విలువ ఇచ్చిన మంత్రులు అరుదు.

ఆయన కేరళ గవర్నరుగా ఉండగా, 1961 డిసెంబరులో పార్లమెంటు ప్రసూతి ప్రయోజనాల చట్టం చేసింది. అణాల లెక్క పోయి సగటు దినసరి వేతనం వచ్చింది. సెలవుకు ముందు మూడు క్యాలెండరు నెలల్లో పనిచేసిన దినాలకు లభించవలసిన వేతనం మొత్తాన్ని ఆ పనిదినాల సంఖ్యతో భాగించాలి. భాగించవలసినది పనిదినాలతోనే గాని తొంభైతో కాదు.

హెచ్చింపు విషయంలో కోయంబత్తూరు లేబర్ కోర్టు నుండి వచ్చిన వివాదంపై సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. ఒక తోట కార్మికురాలికి యాజమాన్యం ఆదివారాలు మినహాయించి 12 వారాలకు 72 రోజులే లెక్కకట్టింది. వారమంటే ఏడు రోజులని, 84 రోజులకూ చెల్లించాలని కోర్టు నిర్ణయించింది. ఉదాహరణకు బాచుపల్లిలో రోజుకు 1,000 రూపాయల వేతనంపై మూడు నెలల్లో 75 రోజులు పనిచేసిన మహిళకు రావలసినది 75,000 రూపాయలు. సగటు 1,000 రూపాయలు. 26 వారాలకు 182 రోజులు గనుక మొత్తం 1,82,000 రూపాయలు. ఆదివారాలు తీసివేస్తే 26,000 రూపాయలు నష్టపోతుంది. 90తో భాగిస్తే సగటే 833 రూపాయలకు పడిపోతుంది.

1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా పనిచేసిన శ్రీ గిరి 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

ఆయన అనంతరం అర్హతకు కావలసిన పనిదినాలు 1988 సవరణతో 160 నుండి 80కి తగ్గాయి. 2017 నుండి, జీవించి ఉన్న సంతానం ఇద్దరికంటే తక్కువ గలవారికి సెలవు 12 నుండి 26 వారాలకు పెరిగింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి సగటు పద్ధతిని అలాగే ఉంచింది గాని వేతనమనే మాటకు అర్థం మార్చింది. పాత చట్టంలో ఇంటి అద్దె భత్యం సహా నగదు భత్యాలు వేతనంలో చేరేవి. కొత్త స్మృతి ఇంటి అద్దె, రవాణా భత్యాల వంటివి మినహాయించి, అవి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే దాటిన భాగాన్ని మాత్రం వేతనంలో కలుపుతుంది. నెలకు 60,000 రూపాయలు పొందుతూ అందులో మూల వేతనం 26,000, అద్దె, రవాణా భత్యాలు 34,000 ఉన్న ఉద్యోగిని విషయంలో, లెక్కకు వచ్చే నెల వేతనం 30,000 రూపాయలు మాత్రమే. పాత నిర్వచనం ప్రకారం 60,000 అయ్యేది. యాజమాన్యం స్వచ్ఛందంగా పూర్తి జీతం ఇవ్వడానికి అడ్డు లేదు.

ప్రసవానికి ముందు కాలపు భృతిని గర్భధారణ రుజువు చూపిన మీదట ముందుగానే, మిగిలినది ప్రసవ రుజువు అందిన 48 గంటలలోగా చెల్లించాలి. చెల్లింపు అందని మహిళలు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్‌కు ఫిర్యాదు చేయవచ్చు.