ఫ్రెడరిక్ లాంచెస్టర్

ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (అక్టోబరు 23, 1868 - మార్చి 8, 1946) ఆంగ్ల ఇంజనీరు, శాస్త్రవేత్త. మోటారు వాహనములు, విమాన శాస్త్రము, యుద్ధ గణితము అను మూడు రంగములలోను పేరు పొందాడు. నేడు కార్ల ముందు చక్రములకు సర్వసాధారణమైన డిస్కు బ్రేకుకు 1902లోనే పేటెంటు తీసుకున్నవాడు ఈయన. ఆ ఆలోచన ఆచరణలో నిలదొక్కుకొనుటకు అర్ధ శతాబ్దము పట్టింది. అప్పటికి ఈయన జీవించి లేడు.

బాల్యము, విద్య

లాంచెస్టర్ లండన్ నగరములోని లూయిషామ్‌లో జన్మించాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ వాస్తుశిల్పి. ఎనిమిది మంది సంతానములో ఈయన నాలుగవవాడు. పసితనములోనే కుటుంబము బ్రైటన్ పట్టణమునకు తరలివెళ్ళింది. సౌతాంప్టన్‌లోని హార్ట్‌లీ ఇన్‌స్టిట్యూషన్‌లోను, పిదప లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోను చదివాడు కాని పట్టా పొందలేదు.

తరువాత బర్మింగ్‌హామ్‌లోని ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో ఉద్యోగము దొరికింది. ఉద్యోగి కనిపెట్టినదంతా కంపెనీకే చెందుతుందన్న షరతు ఒప్పంద పత్రములో ఉండగా, దానిని కొట్టివేసి సంతకము చేశాడు. ఇరవై ఏళ్ళ యువకునికి ఇది సాహసమే. తరువాతి కాలములో ఈయన పేర వచ్చిన పేటెంట్ల సంఖ్యను చూస్తే అది ముందుచూపు కూడా.

మోటారు కార్లు

అప్పటి కార్లు చాలావరకు గుర్రపు బండికి ఇంజను తగిలించినట్లు ఉండేవి. లాంచెస్టర్ కారును మొదటినుండి కారుగానే రూపొందించాడు. ఈయన తొలి కారు 1896లో రోడ్డెక్కింది. 1899లో సోదరులతో కలసి లాంచెస్టర్ ఇంజన్ కంపెనీని స్థాపించాడు. కార్లకు గిరాకీ ఉన్నా పెట్టుబడి చాలక 1904లో కంపెనీ దివాలా స్థితికి వచ్చి, లాంచెస్టర్ మోటార్ కంపెనీ పేరుతో తిరిగి ఏర్పడింది. భారతదేశములో నవానగర్ సంస్థానాధీశుడు రంజిత్‌సిన్హ్‌జీ వద్ద ఈ కంపెనీ కార్లు ఉండేవి.

డిస్కు బ్రేకు

డ్రమ్ము బ్రేకులో చక్రముతో తిరిగే గుండ్రని డబ్బా లోపలి గోడకు అర్ధచంద్రాకారపు షూలు ఒరుసుకుంటాయి. లాంచెస్టర్ ఆలోచన వేరు. చక్రముతో పాటు తిరిగే పలుచని లోహపు పళ్ళెమును రెండు వైపులనుండి పట్టకారువలె నొక్కి పట్టుకోవాలన్నదే ఆ ఆలోచన. పళ్ళెము బయటికి తెరచి ఉంటుంది కనుక రాపిడి వేడి గాలికి పోతుంది.

సూత్రము సరైనదే, చిక్కు వచ్చినది పదార్థముతో. రాపిడికి రాగిని వాడగా, లోహముపై లోహము ఒరుసుకొని చెవులు చిల్లులు పడేటంత కీచుధ్వని వచ్చేది. ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము చేరి రాగి త్వరగా అరిగిపోయేది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్బెస్టాస్ కూర్పును వాడవచ్చునని చూపడముతో మోత తగ్గింది, మన్నిక పెరిగింది. కాని దుమ్ము సోకని, తక్కువ బలముతో పనిచేసే డ్రమ్ము బ్రేకులే అప్పటికి మార్కెట్టును ఆక్రమించాయి.

ఇతర కృషి, చివరి రోజులు

1907, 1908 సంవత్సరములలో విమానయానముపై రెండు సంపుటములు ప్రచురించాడు. విమానపు రెక్కకు ఎత్తు బలము ఎలా కలుగుతుందో వివరించిన తొలి రచనలలో ఇవి ముఖ్యమైనవి. 1916 నాటి గ్రంథములో వివరించిన యుద్ధబలాల వర్గ సూత్రము నేటికీ సైనిక గణితములో పాఠ్యాంశము. 1922లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు.

ఇంత చేసినా ధనము కూడబెట్టలేకపోయాడు. 1925లో నెలకొల్పిన ప్రయోగశాల నష్టపోయింది. పార్కిన్సన్ వ్యాధి, చూపు మందగించడము తోడయ్యాయి. ఇతరుల ఆర్థిక సహాయముతో కాలము గడుపుతూ బర్మింగ్‌హామ్‌లో మరణించాడు.

ఏడేళ్ళకు, 1953లో, డన్‌లప్ సంస్థ డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెము గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రములకు డిస్కులతో వెలువడింది.

పాత జీపులలో డిస్కు బ్రేకులు

భారతదేశములోని పాత సీజే తరగతి మహీంద్రా జీపులకు నాలుగు చక్రములకూ డ్రమ్ములే ఉండేవి. గోదావరి డెల్టా వంటి పల్లపు ప్రాంతములలో నీరు నిలిచిన దారిన పోతే డ్రమ్ములోకి నీరు చేరి, లైనర్లు ఆరేవరకు బ్రేకు సరిగా పట్టదు. రాజమండ్రి నుండి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు ఘాట్ రోడ్డు దిగేటపుడు సమస్య వేరు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరముగా జరుగుతుంది, పెడలు లోపలికి దిగిపోతుంది. డిస్కు మీద నీరు తిరుగుడుకు చిమ్ముకుపోతుంది, వేడి త్వరగా చల్లారుతుంది. బ్రేకు వేసినపుడు వాహనపు బరువు ముందుకు మొగ్గుతుంది కనుక మార్పును ముందు చక్రములతోనే మొదలుపెడతారు.

ఇది డ్రమ్మును విప్పి డిస్కు బిగించినంత తేలిక కాదు. తిరిగే డ్రమ్ము షూలను తనలోకి లాక్కుని పట్టును పెంచుతుంది. డిస్కుకు ఆ గుణము లేదు, కావున పెడలు బరువెక్కకుండా బూస్టరు కావాలి. క్యాలిపర్లకు ద్రవము ఎక్కువ అవసరము కనుక మాస్టర్ సిలిండరు కూడా మార్చాలి. డ్రమ్ముల కోసము చేసిన సిలిండర్లలో చాలావాటికి గొట్టములో కొద్ది ఒత్తిడిని నిలిపి ఉంచే కవాటము ఉంటుంది. దానిని తొలగించకుంటే ప్యాడ్లు డిస్కును వదలక కాలిపోతాయి. వెనుక డ్రమ్ములకు పోయే ఒత్తిడిని కూడా సరిచూడాలి, లేకున్న తడిరోడ్డుపై వెనుక చక్రములు ముందుగా బిగుసుకొని బండి అడ్డము తిరుగుతుంది. పాత రిమ్ము క్యాలిపరుకు తగులునేమో పని మొదలుపెట్టక ముందే కొలిచి చూస్తారు.